చేయకూడని పనుల కాగితం: ముప్పై మంది పనిచేసే షాపుకు వ్యూహం తేల్చుకోవడం ఎలా

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో మా బావా నేనూ కలిసి నడిపిన ఇనుప ఫ్యాబ్రికేషన్ షాపులో ఒకరోజు స్వీట్లు పంచాం. ఒక పెద్ద టెండర్‌లో మేమే ఎల్-1, అంటే అందరికంటే తక్కువ రేటు వేసింది మేమే. రెండో స్థానంలో ఉన్న పార్టీకీ మాకూ తేడా కిలోకు రెండు రూపాయలు. ఆ పని ముగిసేసరికి పదకొండు నెలలు పట్టింది. బ్యాంకులో వాడుకోగల అప్పు హద్దు, క్యాష్ క్రెడిట్ లిమిట్, అంచుదాకా వెళ్ళింది, ఇద్దరు మంచి వెల్డర్లు మానేశారు. ఏడాది చివర ఆడిటర్ గారు లెక్కలు చూసి "లాభమే కదండీ" అన్నారు. కాగితం మీద లాభమే.

అప్పటివరకు మాకు వ్యూహం అంటే ఏ టెండర్ పడితే దానికి రేటు వేయడం. పోటీ, ప్లానింగ్, ఆర్గనైజేషన్ వంటి మాటలు పెద్ద కంపెనీలకే అనుకునేవాళ్ళం. నిజానికి దెబ్బ తట్టుకునే బలం పెద్ద కంపెనీ ఒంట్లో ఉంటుంది, చిన్న షాపుకు ఉండదు. పది నుంచి అరవై మంది పనిచేసే సంస్థ నడిపేవాళ్ళ కోసం, మేం పడి లేచిన క్రమంలోనే ఇది రాస్తున్నాను. నా ఉదాహరణలు ఇనుము చుట్టూ తిరుగుతాయి. మీది పరవాడలో ప్యాకింగ్ యూనిట్ అయినా, మధురవాడలో పాతికమంది ఉన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు అయినా లెక్క ఇదే. నాలుగు ఆదివారాలు కేటాయించండి.

మొదటి అడుగు: పాత బిల్లులు ముందేసుకోండి

గత మూడేళ్ళలో చేసిన పనుల ఫైళ్ళన్నీ తీయండి. ఒక్కో పనికి ఒక వరుస. బిల్లు మొత్తం, ముడిసరుకు, కూలి, గ్యాస్, ఎలక్ట్రోడ్లు, కరెంటు, రవాణా. ఇంతవరకు అందరూ రాస్తారు. చాలామంది రాయనివి మూడు: డబ్బు చేతికి రావడానికి పట్టిన రోజులు, చేసిన పని మళ్ళీ చేయడానికి అయిన ఖర్చు, ఆ పని షాపులో ఎన్ని రోజులు చోటూ మనుషులూ ఆక్రమించుకుందో.

ఉదాహరణకు 12 లక్షల పని తీసుకుందాం. ప్లేట్లు, సెక్షన్లకు 7 లక్షలు, కూలి 2.4 లక్షలు, గ్యాస్, ఎలక్ట్రోడ్లు, కరెంటు కలిపి 80 వేలు, రవాణా 20 వేలు. ఖర్చు 10.4 లక్షలు పోగా మిగులు 1.6 లక్షలు. బాగానే ఉంది. బిల్లు 150 రోజులకు వచ్చిందనుకోండి. బ్యాంకు వడ్డీ 12 శాతమైతే ఆ 10.4 లక్షల మీద వడ్డీయే 51 వేలు దాటుతుంది. కస్టమర్ పూచీగా ఆపుకునే పది శాతం రిటెన్షన్, అంటే 1.2 లక్షలు, ఆ తర్వాత ఇంకో ఏడాది వాళ్ళ దగ్గరే ఉండిపోతే దాని వడ్డీ 14,400. ఇన్‌స్పెక్షన్‌లో కొన్ని జాయింట్లు పోయాయి. ఐదుగురు నాలుగు రోజులు గ్రైండింగ్ పట్టి మళ్ళీ వెల్డింగ్ చేశారు. మనిషికి రోజుకు 900 చొప్పున 18 వేలు. చివరికి మిగిలింది 76 వేల చిల్లర. షాపులో పట్టిన రోజులు 45.

పక్కనే 3 లక్షల అర్జంటు రిపేరు పని ఉంది. ఖర్చు 2.2 లక్షలు, మిగులు 80 వేలు. డబ్బు 30 రోజులకు వచ్చింది, వడ్డీ రెండు వేల చిల్లర. మిగిలింది 77 వేల పైచిలుకు. పట్టిన రోజులు తొమ్మిది.

స్వీట్లు పంచింది మాత్రం 12 లక్షల పనికి.

వరుసలన్నీ రాశాక షాపులో గడిచిన ఒక్కో రోజుకు ఎంత మిగిలిందో లెక్కకట్టి, ఎక్కువ నుంచి తక్కువకు పేర్చండి. పైన పది పనులు, కింద పది పనులు గుండ్రం చుట్టండి. కింది పదిలో మీకు బాగా ఇష్టమైన కస్టమర్ కనిపిస్తాడు. మాకు కనిపించాడు.

రెండో అడుగు: లాభాన్ని లాగుతున్నది ఎవరో చూడండి

పోటీ అంటే పక్క షెడ్డు అనుకుంటాం. హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ పోర్టర్ 1979లో దీన్ని ఐదు వైపుల నుంచి చూడమన్నాడు. పక్క షెడ్డు ఒక వైపు మాత్రమే. మన దగ్గర కొనేవాళ్ళు, మనకు సరుకు అమ్మేవాళ్ళు, రేపు కొత్తగా దిగేవాళ్ళు, మన పని అవసరమే లేకుండా చేసే వేరే పద్ధతి, ఇవన్నీ మన లాభంలో వాటా లాగుతాయి.

విశాఖలో ఇనుప పనికి ఈ ఐదూ సమానం కావు. కొనేవాళ్ళు కొద్దిమంది, అందరూ పెద్దవాళ్ళు: స్టీల్‌ప్లాంట్, షిప్‌యార్డ్, రిఫైనరీ, పోర్టు. అమ్మేవాళ్ళం వందల్లో ఉన్నాం. ఇక కొత్తగా షాపు పెట్టాలంటే ఒక వెల్డింగ్ మెషిన్, ఒక రేకుల షెడ్డు, ఒక బామ్మర్ది చాలు. అలాంటి చోట మామూలు పని చేసేవాడికి రేటు పెరగడం కల్ల.

మరి కొందరికి ఎందుకు మిగులుతుంది? వాళ్ళ దగ్గర ఇంకొకరు తేలిగ్గా తెచ్చుకోలేనిది ఏదో ఉంటుంది. దీనికి పుస్తకాలు అక్కర్లేదు, మన ఊరి సముద్రం చాలు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున 1933లో మొదలైన విశాఖ పోర్టుకు లోపలి హార్బర్ గాలివానల నుంచి మంచి కాపు. కానీ లోపలికి వెళ్ళే కాలువ ఎంత సైజు ఓడ రావచ్చో హద్దు పెడుతుంది. 2009లో పని మొదలుపెట్టిన గంగవరం పోర్టుకు బెర్తుల దగ్గరే మంచి లోతు ఉంది, భారీ బల్కు ఓడలు నేరుగా వచ్చి ఆగుతాయి. ఆ లోతు రేటు తగ్గిస్తే వచ్చేది కాదు, కస్టమర్‌ని భోజనానికి పిలిస్తే వచ్చేదీ కాదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ స్టీల్‌ప్లాంట్. ఏడాదికి 73 లక్షల టన్నుల సామర్థ్యం, సముద్రం పక్కన చోటు, చేయి తిరిగిన పనివాళ్ళు. సొంత ఇనుప ఖనిజం గనులు మాత్రం లేవు. టాటా స్టీల్, సెయిల్ తమ గనుల నుంచి తవ్వుకునే రాయిని విశాఖ ఉక్కు మార్కెట్ ధరకు కొనాలి. ఖనిజం ధర పెరిగినప్పుడల్లా ఆ తేడా మొత్తం తన నెత్తినే పడుతుంది. కష్టపడితే పూడే గొయ్యి కాదది.

కాబట్టి ఈ ఆదివారం ప్రశ్న: మీ గని ఏది? మీరే కూర్చుని జవాబు రాసుకోకండి, తప్పు రాస్తారు. మేం "క్వాలిటీ" అని రాసుకున్నాం. అందరూ అదే రాస్తారు. తర్వాత ముగ్గురు పాత కస్టమర్ల దగ్గరికి వెళ్ళి, ఆర్డర్ సంగతి ఎత్తకుండా, మా దగ్గరికే ఎందుకు వస్తున్నారని అడిగాం. ఒక మెయింటెనెన్స్ ఇంజనీరు కాసేపు ఆలోచించి, "మీరు రాత్రి రెండింటికి కూడా ఫోన్ ఎత్తుతారండీ" అన్నాడు. మిగతా ఇద్దరూ ఇంచుమించు అదే. ఫ్యాక్టరీ షట్‌డౌన్‌లో ఉన్నప్పుడు ఒక్కో గంట ఆలస్యానికి వాళ్ళకయ్యే నష్టం ముందు మా రేటు లెక్కలోకే రాదు. మేం గొప్ప అనుకున్న క్వాలిటీ వాళ్ళ దృష్టిలో ఎలాగూ ఉండాల్సినదే. ఫోన్ ఎత్తడమే మా గని.

మూడో అడుగు: ఒక దారి పట్టండి, రెండోదాన్ని వదిలేయండి

దారులు స్థూలంగా మూడు. అందరికంటే తక్కువ ఖర్చుతో చేయడం, కస్టమర్ ఎక్కువ ఇచ్చి కొనేంత తేడాగా చేయడం, ఈ రెంటిలో ఏదో ఒకటి చిన్న పరిధిలో మాత్రమే చేయడం. చిన్న షాపులకు మూడోదే నప్పుతుందని నా అభిప్రాయం. తక్కువ ఖర్చు దారి పట్టాలంటే ఒకే రకం పని పెద్ద మొత్తంలో కావాలి, ప్లేటు లారీల లెక్కన కొనాలి, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ కటింగ్ మెషిన్ రెండు షిఫ్టులూ ఆగకూడదు. అర్జంటు రిపేరు దారిలో అంతా తలకిందులు. నలుగురు మంచి వెల్డర్లు కొన్ని రోజులు ఖాళీగా కూర్చున్నా జీతం ఇవ్వాలి, స్టోర్లో కొన్ని సైజుల పైపులు, ఫ్లాంజీలు ఎప్పుడూ ఉండాలి. మొదటి దారివాడికి ఈ ఖాళీ దండగ. రెండోవాడికి అదే పెట్టుబడి. రెండూ ఒకే షెడ్డులో నడిపితే ఒకదాని పొదుపు రెండోదాని పీక నొక్కుతుంది.

దారి తేలిందో లేదో పరీక్షించడానికి ఒక తెల్లకాగితం మీద ఇకనుంచి చేయని పనులు రాయండి. చేసే పనుల జాబితా ఎవరైనా రాస్తారు, దానికి టెన్షన్ ఉండదు. చేయనివి రాసేటప్పుడు చెయ్యి వణకాలి. మా కాగితం ఇది:

1. డబ్బు 90 రోజులు దాటితే గానీ రాని పార్టీకి రేటు వేయం.
2. యాభై టన్నులు దాటిన స్ట్రక్చర్ పని తీసుకోం.
3. డ్రాయింగ్ చేతికి రాకుండా రేటు చెప్పం.
4. గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేయం, చుట్టాలకైనా సరే.

రెండోది రాయడానికి మాకు మూడు వారాలు పట్టింది. నాలుగోది రాసిన రోజు మా బావ భోంచేయలేదు.

నాలుగో అడుగు: ఏది మన షెడ్డులో, ఏది బయట

అసలు కంపెనీ అనేది ఎందుకు ఉండాలి, ప్రతి పనీ బజార్లో కొనుక్కోవచ్చు కదా అని రొనాల్డ్ కోస్ 1937లో ఒక వ్యాసంలో అడిగాడు. బజార్లో కొనడానికీ ఖర్చుంటుందన్నదే ఆయన జవాబు. మనిషిని వెతకాలి, బేరమాడాలి, ఒప్పందం రాసుకోవాలి, మాట తప్పకుండా చూసుకోవాలి. ఆ తిప్పలు లోపల పెట్టుకుని నడిపే ఖర్చును మించితే పని సంస్థ లోపలికి వస్తుంది, లేకపోతే బయటే ఉంటుంది. 1991లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఆటోనగర్‌లో తిరిగినవాళ్ళకు ఇది కళ్ళముందే కనిపిస్తుంది. ఒక షెడ్డులో లేత్, పక్క సందులో గేర్ కటింగ్, ఇంకోచోట ప్లేటు రోలింగ్, శాండ్ బ్లాస్టింగ్, చివర క్రేన్ అద్దెకిచ్చేవాళ్ళు. వీధి వీధంతా గోడలు లేని ఒక కార్ఖానా. ఒకరికొకరు ఏళ్ళుగా తెలుసు. చలాన్ మీద సరుకు పంపితే సాయంత్రానికి తయారై వస్తుంది, మోసం చేస్తే మర్నాటికి టీ కొట్టు దగ్గర అందరికీ తెలిసిపోతుంది. అంటే బయట చేయించే ఖర్చు ఇక్కడ బాగా తక్కువ. అలాంటి చోట అన్ని మెషిన్లూ కొనుక్కోవాలన్న సరదా ఖరీదైనది. మేం కొన్న రోలింగ్ మెషిన్ నెలలో నాలుగు రోజులు తిరిగింది, మిగతా రోజులు దాని మీద హెల్మెట్లు పెట్టుకున్నారు.

మూడు ప్రశ్నలు వేసుకోండి. నెలలో ఎన్నిసార్లు అవసరం? బయటివాడు ఆలస్యం చేస్తే మన గనికే దెబ్బా? పని బాగా జరిగిందో లేదో తీసుకునేటప్పుడు చూసి చెప్పగలమా? అరుదుగా అవసరమై, చూస్తే తెలిసిపోయేది బయట ఇవ్వండి: రోలింగ్, గాల్వనైజింగ్, రవాణా. తరచుగా కావాల్సి, ఆలస్యమైతే మన పరువు పోయేది లోపల ఉంచండి. మాకది పైపు వెల్డింగ్, ఫిట్టింగ్. బాయిలర్ నిబంధనల కింద టెస్ట్ పాసైన వెల్డర్లు రోజుకూలీకి పొద్దున్నే జంక్షన్లో దొరకరు. జాయింట్లను ఎక్స్‌రే తీసి చూసే రేడియోగ్రఫీ బయటివాళ్ళే చేయాలి. మన వెల్డింగ్ మీద మనమే తీర్పు చెప్పుకుంటే కస్టమర్ నమ్మడు.

ఐదో అడుగు: లోపలి అమరిక మార్చండి

అసలు పని ఇక్కడుంది. చాలామంది పై నాలుగూ చేసి ఇక్కడ ఆగిపోతారు. మేమూ ఏడాది ఆగాం.

వందేళ్ళ కిందటి అమెరికా కంపెనీ కథ ఒకటి చెప్పాలి. డ్యూపాంట్ మొదట తుపాకీ మందు తయారీ సంస్థ. మొదటి ప్రపంచయుద్ధం అయిపోయేసరికి రంగులు, రసాయనాలు వంటి కొత్త సరుకుల్లోకి దిగింది. తయారీ అంతా ఒక విభాగం, అమ్మకాలన్నీ ఒక విభాగం అన్న పాత అమరిక మాత్రం అలాగే ఉంచుకుంది. టన్నుల్లో ఫ్యాక్టరీలకు అమ్మే పద్ధతికీ, డబ్బాల్లో కొట్లకు పెయింటు అమ్మే పద్ధతికీ పొంతన కుదరలేదు. కొత్త సరుకుల్లో నష్టాలు వచ్చాయి. 1921లో ఒక్కో సరుకుకు ఒక్కో డివిజన్ పెట్టి, తయారీ, అమ్మకం, లాభనష్టాలు దానికే అప్పగించారు. చరిత్రకారుడు ఆల్ఫ్రెడ్ చాండ్లర్ ఇలాంటి సంస్థలను పరిశీలించి, ముందు వ్యూహం మారుతుంది, అమరిక దాని వెనకాల నడుస్తుంది అన్నాడు. మధ్యలో ఆలస్యమయ్యే కాలం సంస్థకు నరకం.

ముప్పై మంది షాపులో ఆ నరకం ఎలా ఉంటుందంటే: ఒకే ఫోర్‌మన్, అతని కింద అందరు వెల్డర్లు. రాత్రి ఫోన్ వస్తే షాపులో సగమైన పని ఆపి మనుషుల్ని సైటుకు పంపుతాం. షాపు పని ఆలస్యమవుతుంది, ఆ కస్టమర్ అరుస్తాడు, మర్నాడు సైటు నుంచి ఇద్దర్ని వెనక్కి లాగుతాం. ఇప్పుడు ఇద్దరూ అరుస్తారు. తప్పు ఎవరిదని అడిగితే ఎవరిదీ కాదు.

మేం చేసింది చిన్న మార్పు. వృత్తుల వారీగా కాక పని రకాన్ని బట్టి మనుషుల్ని రెండు గ్యాంగులు చేశాం, షాపు గ్యాంగు, సైటు గ్యాంగు. ఎవరి వెల్డర్లు, ఫిట్టర్లు, హెల్పర్లు వాళ్ళకే. ఎవరి గ్రైండర్లు, కేబుళ్ళు వాళ్ళకే. మొదట్లో కేబుళ్ళ దగ్గరే ఎక్కువ గొడవైంది. ఒకరి మనిషిని ఇంకొకరు తీసుకోవాలంటే ఇద్దరు ఫోర్‌మన్లూ ఒప్పుకోవాలి, మా దగ్గరికి రాకూడదు.

తర్వాత సంతకాలు. రాత్రి రెండింటికి సైటులో ఒక వాల్వ్ కావాలంటే ఓనర్ని లేపాలా? మీ గని వేగం అయితే ఖర్చుపెట్టే అధికారం సైటులో ఉండాలి. మా ఫోర్‌మన్‌కు అడగకుండా 5 వేలు, సూపర్‌వైజర్‌కు 25 వేలు, ఆపైన మాకు ఫోన్. నెలాఖరుకు బిల్లులు చూస్తాం, కొన్నప్పుడు ప్రశ్నించం. మొదటి మూడు నెలలు మా బావకు ఇది మహా కష్టమైంది. నాలుగో నెల లెక్క చూస్తే చిల్లర కొనుగోళ్ళ ఖర్చు పెరగలేదు. తన చేతిలో ఉన్న డబ్బుకు మనిషి తనే కాపలా కాస్తాడు.

ఇక జీతాలు, బోనస్. ఇక్కడ మా తెలివితక్కువతనం మొత్తం బయటపడింది. మీటింగుల్లో "మొదటిసారే జాయింటు పాసవ్వాలి" అని చెప్పేవాళ్ళం, బోనస్ మాత్రం టన్నుకింత అని ఇచ్చేవాళ్ళం. ఒకరోజు రిపేరు జాయింట్ల సంఖ్య చూసి నేను గట్టిగా మాట్లాడితే, శ్రీకాకుళం నుంచి వచ్చి పాతికేళ్ళుగా పనిచేస్తున్న మా మేస్త్రి నెమ్మదిగా అన్నాడు: "టన్నుకి డబ్బులిచ్చి ఎక్స్‌రే అడిగితే ఎలాగండి బాబూ?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ నెలనుంచి షాపు గ్యాంగుకు మొదటిసారే పాసైన జాయింట్లను బట్టి, సైటు గ్యాంగుకు ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి పని అప్పగించేదాకా పట్టిన గంటలను బట్టి బోనస్. ఒక జాగ్రత్త: కొలత ఏదైనా మనుషులు దానికి తగ్గట్టు సర్దుకుంటారు. గంటలు తగ్గించాలని సైటులో సేఫ్టీ బెల్టు వదిలేసిన సందర్భం మాకు ఎదురైంది. సేఫ్టీ తప్పితే ఆ నెల గ్యాంగు మొత్తానికి బోనస్ సున్నా అని చేర్చాం.

చుట్టాల సంగతి కూడా ఇక్కడే. స్టోర్లో మేనమామ కొడుకు ఉంటే ఉండనివ్వండి, కానీ అతను ఎవరి కింద పనిచేస్తున్నాడో గోడ మీద రాసి ఉండాలి. ఫోర్‌మన్ అడిగిన ఎలక్ట్రోడ్లు "అన్నయ్యని అడిగి ఇస్తా" అన్న రోజున మీరు గీసుకున్న అమరికంతా చెల్లని కాగితం.

ఆరో అడుగు: డబ్బు వచ్చే దారిని కూడా వ్యూహంలో కలపండి

చట్టం మనవైపు కొంత ఉంది, చాలామంది వాడుకోరు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేకపోతే ముందు అది చేయించండి, ఆన్‌లైన్‌లో ఉచితం. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొన్నవాళ్ళు ఒప్పందం ఉంటే ఒప్పుకున్న గడువులో, ఎంత ఒప్పుకున్నా 45 రోజుల లోపు, ఒప్పందం లేకపోతే 15 రోజుల లోపు డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్లో ఫిర్యాదు చేయవచ్చు. ఇక గడువు దాటి బాకీ పెట్టిన మొత్తాన్ని కొన్నవాళ్ళు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరని ఆదాయపు పన్ను నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో మార్చి నెలలో ప్రైవేటు పార్టీల అకౌంట్స్ వాళ్ళే ఫోన్ చేయడం మొదలుపెట్టారు!

ఫిర్యాదు మాత్రం ఆలోచించి వేయండి. మీ వ్యాపారంలో సగం ఇచ్చే పార్టీ మీద ఫిర్యాదంటే దారి మార్చుకోవడమే. పెద్ద కంపెనీల బిల్లులైతే ట్రెడ్స్ వేదికల మీద డిస్కౌంట్ చేయించుకోవడం నయం. కొన్నవాళ్ళు బిల్లు ఒప్పుకుంటే ఫైనాన్సర్ మనకు ముందే డబ్బిస్తాడు, గడువుకు వాళ్ళ దగ్గర వసూలు చేసుకుంటాడు.

ప్రభుత్వ రంగ టెండర్లలో ఇంకో వెసులుబాటు ఉంది. ఎల్-1గా వచ్చింది సూక్ష్మ, చిన్న సంస్థ కానప్పుడు, ఆ రేటుకు 15 శాతం లోపు ఎక్కువ వేసిన చిన్న సంస్థ, రేటును ఎల్-1కు దించడానికి ఒప్పుకుంటే కొంత భాగం సరఫరా చేసే అవకాశం కొనుగోలు విధానంలో ఉంది. ఆ టెండరు పత్రంలో ఈ నిబంధన ఉందో లేదో ముందు చూసుకోండి. ఇది తెలిసుంటే మేం ఆ రెండు రూపాయల కోసం అంత కిందికి దిగేవాళ్ళం కాదు.

ఏడో అడుగు: ఒక్క కొమ్మ మీద కూర్చోకండి

2021 జనవరిలో స్టీల్‌ప్లాంట్‌లో పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. ఈ నాలుగేళ్ళలో కూర్మన్నపాలెం నుంచి గాజువాక దాకా టీ కొట్ల దగ్గర ఇంకో మాట లేదు. ప్లాంటు ఏమవుతుందన్నది మన చేతిలో లేదు. మన అమ్మకాల్లో ఏ ఒక్క పార్టీ వాటా ఎంత ఉండాలన్నది మాత్రం కొంతవరకు మన చేతిలో ఉంది. నేను 40 శాతం దాటనివ్వను. దాటుతోందంటే ఆ పార్టీ పని తగ్గించను, వేరేవాళ్ళ దగ్గర రెండు చిన్న పనులు తక్కువ లాభానికైనా పట్టుకుంటాను. చేయకూడని పనుల కాగితానికి నేనిచ్చే మినహాయింపు ఇదొక్కటే.

ఇక నడిపించడానికి పెద్ద తతంగం అక్కర్లేదు. సోమవారం పొద్దున ఇద్దరు ఫోర్‌మన్లతో ఇరవై నిమిషాలు నిలబడి మాట్లాడుకోండి. నెలకోసారి ఒక పేజీ: చేతిలో ఉన్న పనులు, రావాల్సిన డబ్బు ఎన్ని రోజుల పాతది, రిపేరు జాయింట్లు, పెద్ద పార్టీ వాటా. ఏప్రిల్లో పాత ఏడాది బిల్లులతో మళ్ళీ మొదటి అడుగు.

చేయకూడని పనుల కాగితాన్ని కొటేషన్లు వేసే కంప్యూటర్ పక్కన గోడకు అతికించండి. మాది అతికించిన రెండో నెలలో పెదగంట్యాడ నుంచి మా పిన్ని వచ్చింది, కొత్తింటికి గేటు కావాలని. మేస్త్రి గ్రైండర్ ఆపి మరీ మా వైపు చూస్తున్నాడు. మా బావ పిన్నికి మంచినీళ్ళిచ్చి, స్కూటర్ మీద ఎక్కించుకుని, మూడో సందులో గేట్లు చేసే షెడ్డు దగ్గర దించి, అడ్వాన్సు తనే ఇచ్చి వచ్చాడు.